లాంగ్ రన్ మరునాడు సీయూఈ (పూర్తి మూత్ర పరీక్ష) రిపోర్టులో అల్బుమిన్, బ్లడ్: ఇది ఎంతవరకు మామూలు?

వడ్డేపల్లి_కట్ట (హనుమకొండ)

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 37. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. కొన్నేళ్లుగా పరుగు అలవాటు ఉంది, హాఫ్ మారథాన్లు పూర్తి చేశాను, ఇప్పుడు పూర్తి మారథాన్‌కు సిద్ధమవుతున్నాను. మొన్న ఆదివారం వడ్డేపల్లి చెరువు కట్ట మీద, నిట్ రోడ్డు మీద కలిపి 28 కిలోమీటర్లు పరుగెత్తాను. చివరి గంట ఎండ బాగా ముదిరింది. సోమవారం పొద్దున్నే బీమా పాలసీ కోసం రక్తం, మూత్రం ఇవ్వవలసి వచ్చింది. రిపోర్టులో అల్బుమిన్ (ప్రొటీన్) రెండు ప్లస్‌లు, బ్లడ్ రెండు ప్లస్‌లు, ఆర్‌బీసీ (ఎర్ర రక్తకణాలు) 8–10, స్పెసిఫిక్ గ్రావిటీ (మూత్రం చిక్కదనం) 1.030, రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టే వ్యర్థం) 1.4 అని ఉన్నాయి. బీపీ 124/80, షుగర్ లేదు, మూత్రానికి వెళ్ళినప్పుడు మంట గానీ నొప్పి గానీ లేదు.

రిపోర్టు చేతికిచ్చిన కౌంటర్ మనిషి అది చూసి "కిడ్నీలు పోతున్నాయి సార్, వెంటనే పెద్ద డాక్టర్‌కు చూపించుకోండి" అన్నాడు. ఆ మాట మా ఇంట్లోవాళ్ళు కూడా విన్నారు. అప్పటి నుంచి బూట్లు అటక మీద ఉన్నాయి. ఇది పరుగు వల్ల వచ్చిందేనా, మళ్ళీ పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి, క్రియాటినిన్ సంగతి ఏమిటి అన్నది తెలిసినవారు చెప్పగలరు.

నర్సంపేట_ల్యాబ్

సార్, నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని కాబట్టి పరీక్ష వైపు నుంచి మాత్రమే చెబుతాను. వైద్యం వైపు మాటలు డాక్టర్ గారు ఎవరైనా చెప్పాలి.

సీయూఈలో రెండు వేర్వేరు పనులు ఉంటాయి. మొదటిది స్ట్రిప్, అంటే మూత్రంలో ముంచి రంగు చూసే పట్టీ. దాని మీద "బ్లడ్" అని రాసి ఉన్న గడి నిజానికి రక్తకణాన్ని చూడదు, అందులోని హీమ్ అనే పదార్థానికి రంగు మారుతుంది. ఆ హీమ్ మూత్రంలోకి మూడు దారుల్లో రావచ్చు. ఎర్ర రక్తకణాలే దిగి ఉండవచ్చు. లేదా రక్తంలోనే కణాలు పగిలి హీమోగ్లోబిన్ విడిగా దిగి ఉండవచ్చు. లేదా కండరం చితికి అందులోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ దిగి ఉండవచ్చు. మూడింటికీ స్ట్రిప్ ఒకే ఆకుపచ్చ చూపిస్తుంది. ఏది ఏదో తేల్చేది రెండో పని. సుమారు పది మిల్లీలీటర్ల మూత్రాన్ని మొన తేలిన ట్యూబులో పోసి సెంట్రిఫ్యూజ్‌లో ఐదు నిమిషాలు తిప్పి, పైనీళ్ళు వంచేసి, అడుగున మిగిలిన చుక్కను స్లైడ్ మీద వేసి, మైక్రోస్కోప్ కింద హై పవర్ ఫీల్డుకు ఎన్ని కణాలున్నాయో లెక్కపెడతాము. స్ట్రిప్ గట్టిగా పాజిటివ్ వచ్చి, స్లైడ్ మీద ఆర్‌బీసీ ఒక్కటీ లేకపోతే అప్పుడు హీమోగ్లోబిన్‌నో మయోగ్లోబిన్‌నో అనుమానించాలి. మీకు 8–10 కనిపించాయి కాబట్టి కనీసం కొంత భాగం నిజమైన రక్తకణాలే.

అయితే ఇక్కడొక చిక్కు ఉన్నది. మూత్రం ఇచ్చిన తరువాత రెండు గంటలు దాటితే, ముఖ్యంగా అది పలుచగా ఉంటే, కణాలు పగిలిపోతాయి. స్ట్రిప్ మాత్రం పాజిటివ్‌గానే ఉంటుంది. ఊళ్ళలో కలెక్షన్ పాయింట్‌లో తీసుకున్న డబ్బాలు బస్సులోనో బైక్ మీదనో మెయిన్ ల్యాబ్‌కు చేరేసరికి మధ్యాహ్నం అయ్యే సందర్భాలు నాకు బాగా తెలుసు. ఇంకొకటి, విటమిన్ సి మాత్రలు ఎక్కువగా వాడేవారిలో స్ట్రిప్ రక్తాన్ని పట్టుకోలేక నెగటివ్ చూపించే అవకాశం ఉంది. కాబట్టి రెండోసారి చేయించుకునేటప్పుడు ల్యాబ్‌కే వెళ్ళి, అక్కడే ఇచ్చి, తాజా నమూనాకు మైక్రోస్కోపీ చేయమని అడగండి.

నెఫ్రాన్_కరీంనగర్

టెక్నీషియన్ గారు చెప్పినది సరిగ్గా ఉంది. నేను మూత్రపిండాల వైద్యంలో ఉన్నాను. వ్యక్తిగత చికిత్స ఇక్కడ చెప్పను గానీ, శరీరంలో ఏం జరుగుతుందో వివరిస్తాను.

విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు, అంటే నిమిషానికి లీటరు పైచిలుకు, మూత్రపిండాలకే వెళుతుంది. తీవ్రంగా పరుగెత్తేటప్పుడు కాళ్ళ కండరాలూ చర్మమూ రక్తాన్ని అడుగుతాయి కాబట్టి, సహానుభూత నాడులు (శ్రమలో, ఒత్తిడిలో పనిచేసేవి) మూత్రపిండాల రక్తనాళాలను బిగించి ఆ వాటాను బాగా తగ్గిస్తాయి. అత్యంత తీవ్రమైన శ్రమలో అది మామూలులో నాలుగో వంతుకు కూడా పడిపోతుంది. వడపోత మాత్రం అంతగా పడిపోకుండా, లోపలి పీడనం పెంచుకొని మూత్రపిండం కొంత నెట్టుకొస్తుంది. ఆ పీడనంలో వడపోత గోడ గుండా మామూలుగా దాటని అల్బుమిన్ కొంత దాటిపోతుంది. దాటినదాన్ని వెనక్కి తీసుకోవలసిన నాళికలు కూడా ఆ సమయంలో పూర్తి శక్తితో పనిచేయవు. అదే సమయంలో వాసోప్రెసిన్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్లు నీటినీ ఉప్పునూ పట్టి ఉంచుతాయి కాబట్టి మూత్రం తక్కువగా, చిక్కగా వస్తుంది. మీ 1.030 స్పెసిఫిక్ గ్రావిటీ చెబుతున్నది అదే. చిక్కని మూత్రంలో స్ట్రిప్ మీద ప్లస్‌లు ఉన్నదానికంటే పెద్దవిగా కనిపిస్తాయన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఈ ప్రొటీన్ ఎంత పడుతుందన్నది దూరం కంటే తీవ్రత మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. నిదానంగా సాగిన 20 కిలోమీటర్ల కంటే ప్రాణం పెట్టి పరుగెత్తిన 1600 మీటర్ల తరువాత ఎక్కువ కనిపించినా ఆశ్చర్యం లేదు. శ్రమ ఆగిన అరగంటలో అది అత్యధికానికి చేరి, ఆపైన వేగంగా తగ్గి, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

రక్తం విషయానికి వస్తే, ఇది ఈనాటి సంగతి కాదు. పరుగెత్తేవారికి రక్తమూత్రం వస్తుందని ఇటలీ వైద్యుడు రామజ్జిని పద్దెనిమిదో శతాబ్దపు తొలినాళ్ళలోనే గుర్తించాడు. 1881లో జర్మనీలో ఫ్లైషర్ అనే వైద్యుడు కవాతు తరువాత ఎర్రని మూత్రం పోసిన ఒక సైనికుడి గురించి రాశాడు. అక్కడ ఉన్నవి కణాలు కావు, అరికాళ్ళు నేలకు పదే పదే తాకి రక్తకణాలు పగలడం వల్ల విడుదలైన హీమోగ్లోబిన్. 1977లో బ్లాక్‌లాక్ అనే బ్రిటిష్ వైద్యుడు పది వేల మీటర్ల పరుగు తరువాత రక్తం కనిపించినవారి మూత్రాశయంలోకి గొట్టంతో చూసినప్పుడు, వెనుక గోడ మీదా అడుగు భాగం మీదా కమిలిన గాయాలు కనిపించాయి. ఖాళీ మూత్రాశయంలో ఒక గోడ మరో గోడకు ప్రతి అడుగుకూ కొట్టుకోవడం వల్ల అవి వచ్చాయని ఆయన భావించాడు. అందుకే పరుగుకు ముందు చివరి చుక్క దాకా ఖాళీ చేసి బయలుదేరకపోవడం మంచిదని కొందరు చెబుతారు.

క్రియాటినిన్ గురించి: కండరాలు బాగా ఉన్నవారికి మామూలుగానే కొంత ఎక్కువ ఉంటుంది. దాని మీద నీటి కొరత, తాత్కాలికంగా తగ్గిన వడపోత కూడా కలిశాయి. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ మారథాన్‌లో 22 మందిని పరీక్షించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, 82 శాతం మందిలో క్రియాటినిన్ పెరుగుదల తాత్కాలిక మూత్రపిండ గాయం అని పిలవదగిన స్థాయికి చేరింది. రెండు రోజుల్లో వారు కోలుకున్నారు. అయితే మీ పాత విలువ తెలియకుండా 1.4 మీద తీర్పు చెప్పలేము. పాత రిపోర్టు ఏదైనా ఉంటే వెతకండి. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అనాలంటే లోపం మూడు నెలలకు పైగా నిలిచి ఉండాలి. ఒక్క సోమవారం ఉదయపు కాగితంతో ఆ మాట అనడం కుదరదు.

72 గంటలు గట్టి వ్యాయామం లేకుండా ఉండి, ఉదయం మొదటి మూత్రంతో సీయూఈ, అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి, వాటితోపాటు సీరం క్రియాటినిన్ చేయించుకోండి. నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే సరి.

కాజీపేట_జంక్షన్

అన్నా, ఇంత చర్చ ఎందుకు? నీళ్ళు తక్కువ తాగడమే అసలు జబ్బు. పరుగుకు ముందు రెండు లీటర్లు, పరుగులో గంటకు లీటరు, ఇంటికొచ్చి మరో రెండు లీటర్లు తాగితే మూత్రం తెల్లగా వస్తుంది, కిడ్నీలు కడిగినట్టుంటాయి. నేను రైల్వేలో ట్రాక్ మీద పని చేసినవాడిని. మే నెలలో పట్టాల మీద నిలబడ్డవాడికి నీళ్ళ విలువ ఎవరూ చెప్పనక్కర లేదు.

నెఫ్రాన్_కరీంనగర్

పెద్దవారు, మీ అనుభవాన్ని కాదనను. ఎండలో పనిచేసేవారికి నీరు, నీడ, విరామం మూడూ కావాలి. కానీ పరుగులో గంటకు లీటరు చొప్పున దాహం లేకున్నా పోసుకోవడం ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉన్నది. వారిలో కొద్దిమందికి అది ప్రాణం మీదికి తెచ్చే స్థాయిలో పడిపోయింది. పరుగు ముగిసేసరికి బరువు తగ్గాల్సింది పోయి పెరిగినవారిలోనే ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది. శ్రమలో వాసోప్రెసిన్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి, తాగిన అదనపు నీటిని మూత్రపిండం వెంటనే బయటికి పంపలేదు. ఆ నీరు రక్తంలోనే నిలిచి సోడియాన్ని పలుచన చేస్తుంది. తలనొప్పి, వాంతి, తికమక మాటలు, చివరికి ఫిట్స్ రావచ్చు. పరుగెత్తి వచ్చినవాడు వాంతి చేసుకుంటుంటే "నీళ్ళు తక్కువైనాయి" అని ఇంకో లీటరు పట్టించడం మన దగ్గర తరచూ జరిగే పని. అది నిప్పులో నెయ్యి పోయడమే.

వడ్డేపల్లి_కట్ట (హనుమకొండ)

మరి ఎంత తాగాలన్నది ఎలా తెలుసుకోవాలి డాక్టర్ గారూ?

నెఫ్రాన్_కరీంనగర్

దాహం వేసినప్పుడు తాగండి. ఇంట్లో తూకపు యంత్రం ఉంటే పరుగుకు ముందూ తరువాతా చెమట తుడుచుకొని బరువు చూడండి. కిలో తగ్గితే సుమారు లీటరు పోయిందని అర్థం. దాన్ని ఒక్కసారిగా కాక కొన్ని గంటల్లో, ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్, అంబలి, భోజనం అన్నింటి రూపంలో భర్తీ చేసుకోవచ్చు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరు నీటిలోనే కలపాలి, గ్లాసులో కలిపి చిక్కగా తాగకూడదు.

కోచ్_గోదావరిఖని

నేను కానిస్టేబుల్, ఆర్మీ సెలక్షన్లకు పిల్లలను తయారు చేస్తాను. మాది రామగుండం పక్కన. వేసవిలో ఇక్కడి ఎండ ఎట్లా ఉంటుందో తెలంగాణలో అందరికీ తెలిసిందే. ఉపాధ్యాయుడు గారి సమస్య ఏళ్ల తరబడి పరుగెత్తి అలవాటైనవారిది. నేను గ్రౌండ్‌లో చూసేది వేరు, అది ఇంతకంటే ప్రమాదకరమైనదని నా అభిప్రాయం.

నోటిఫికేషన్ రాగానే ఆరు నెలలు గదిలో కూర్చొని చదివిన పిల్లలు ఒక్కసారిగా గ్రౌండ్‌కు వస్తారు. గత నియామకాల్లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలన్న నిబంధన ఉండేది. ఆ సమయం అందుకోవాలన్న ఆత్రంలో మొదటి వారంలోనే వందల గుంజీలు, కప్పగంతులు, మెట్లెక్కడం మొదలుపెడతారు. రెండో రోజు తొడలు పట్టేస్తే మెడికల్ షాపులో నొప్పి గోలీ తీసుకొని, దాన్ని వేసుకొని మళ్ళీ దిగుతారు. మా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి తొడలు వాచి, మెట్లు దిగలేక, మూత్రం డికాషన్ రంగులో వస్తున్నదని చెప్పాడు. "వేడి చేసింది, కొబ్బరినీళ్ళు తాగు" అని తోటివాళ్ళు సలహా ఇస్తున్నారు. వాడిని ఆ సాయంత్రమే దవాఖానకు పంపించాము. సీపీకే అనే కండరాల ఎంజైమ్ పరీక్షలో వచ్చిన అంకె చూసి వెంటనే అడ్మిట్ చేసి సెలైన్లు ఎక్కించారు. వాడు ఇప్పుడు బాగున్నాడు. దీని గురించి డాక్టర్ గారు వివరంగా రాస్తే మా పిల్లలకు చదివి వినిపిస్తాను.

నెఫ్రాన్_కరీంనగర్

కోచ్ గారూ, మీరు అతన్ని పంపించిన తీరు సరైనది. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. అలవాటు లేని శ్రమలో, ముఖ్యంగా గుంజీలలో కిందికి దిగేటప్పుడూ, మెట్లు దిగేటప్పుడూ, కండరం సాగుతూనే బరువు మోయవలసి వచ్చి తంతువులు చితుకుతాయి. లోపలి మయోగ్లోబిన్, పొటాషియం, సీపీకే ఎంజైమ్ రక్తంలోకి వస్తాయి. మయోగ్లోబిన్ మూత్రపిండ నాళికలను నేరుగా దెబ్బతీస్తుంది, చిక్కని ఆమ్ల మూత్రంలో ముద్దకట్టి వాటిని మూసివేస్తుంది కూడా. పొటాషియం పెరిగితే గుండె లయకే ముప్పు. సీపీకే మామూలు గరిష్ఠానికి ఐదు రెట్లు దాటితే రాబ్డో అని వ్యవహరిస్తాము. కానీ మారథాన్ తరువాత ఆరోగ్యవంతుల్లో కూడా అంకె వేలలో ఉండవచ్చు కాబట్టి, ఒక్క అంకెను కాక మూత్రం రంగు, పరిమాణం, క్రియాటినిన్, పొటాషియం కలిపి చూడాలి. డికాషన్ రంగు మూత్రం, రాయిలా బిగిసి వాచిన కండరం, రోజంతా చాలా తక్కువ మూత్రం, ఆగని వాంతులు ఉంటే 72 గంటల నియమం వర్తించదు, ఆ గంటే ఆసుపత్రికి వెళ్ళాలి. వరంగల్ చుట్టుపక్కలవారు ఎం.జి.ఎం. ఆసుపత్రికి వెళ్ళవచ్చు.

నొప్పి మాత్రల గురించి గట్టిగా చెప్పదలచుకున్నాను. రక్తప్రవాహం తగ్గినప్పుడు మూత్రపిండం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేసుకొని తన రక్తనాళాలను తెరిచి ఉంచుకుంటుంది. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ వంటివి ఆ ప్రోస్టాగ్లాండిన్లనే ఆపుతాయి. అంటే సరిగ్గా అవసరమైన గంటలో ఆ రక్షణ తీసేసినట్టవుతుంది. 80 కిలోమీటర్ల పరుగులో కొందరికి ఐబూప్రొఫెన్, కొందరికి మందు లేని మాత్ర ఇచ్చి పరిశీలించిన అధ్యయనం 2017లో వచ్చింది. మందు వేసుకున్నవారిలో 52 శాతం మందికి, వేసుకోనివారిలో 34 శాతం మందికి మూత్రపిండ గాయం సూచనలు కనిపించాయి. దక్షిణాఫ్రికాలోని సుమారు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ పరుగులో కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రిలో చేరినవారి వివరాల్లో కూడా ఎండ, నీటి కొరత, కండరాల చితుకుదలతోపాటు ఈ మాత్రలు పదే పదే కనిపిస్తాయి. ఎండాకాలంలో పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకోవడాన్ని మించిన చెడ్డ అలవాటు ఈ విషయంలో నాకు మరొకటి కనిపించదు.

శ్రావణి_ములుగు

నేను నర్సును, ములుగు వైపు గూడేలలో పనిచేస్తాను. ఇప్పటిదాకా రాని ఒక విషయం చెప్పాలి. కోయ, గోండు, కొలాం కుటుంబాల పిల్లలు కూడా పెద్ద సంఖ్యలో సెలక్షన్లకు వస్తున్నారు. ఈ సమూహాల్లో సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలి ఆకారానికి మారే వంశపారంపర్య జబ్బు) జన్యువు ఉన్నవారు మిగతావారి కంటే ఎక్కువ. జబ్బు లేకుండా కేవలం వాహకులైనవారు మామూలుగానే ఉంటారు, పరుగెత్తుతారు కూడా. కానీ వారికి మూత్రంలో రక్తం రావడానికి పరుగుతో సంబంధం లేని ఒక కారణం ఉంది. మూత్రపిండం లోపలి భాగంలో ఆక్సిజన్ తక్కువ, లవణాల గాఢత ఎక్కువ కాబట్టి అక్కడ కణాలు కొడవలి ఆకారానికి మారి సన్నని నాళాలను మూసివేస్తాయి. విపరీతమైన శ్రమలో రాబ్డో ముప్పు కూడా వీరికి కొంత ఎక్కువని అమెరికా సైనికుల మీద జరిగిన పెద్ద పరిశీలనలో తేలింది. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. కోచ్ సార్, మీ పిల్లల దగ్గర ఆ కార్డు ఉందేమో అడగండి. ఉన్నంత మాత్రాన గ్రౌండ్ నుంచి పంపించకండి. మెల్లగా పెంచుతూ, మధ్యలో విరామం ఇస్తూ, ఎండ ఎక్కకముందే ముగిస్తే చాలు.

ఆడపిల్లల సంగతి మరొకటి. నెలసరి రోజుల్లో, దాని వెనుక రెండు మూడు రోజుల వరకు ఇచ్చిన మూత్రంలో రక్తం కనిపిస్తే అది పరుగుకూ కిడ్నీకీ సంబంధించినది కాకపోవచ్చు. నమూనా ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పడానికి మొహమాటపడి, ఆ తరువాత స్కానింగుల దాకా వెళ్ళిన అమ్మాయిలు ఉన్నారు.

వడ్డేపల్లి_కట్ట (హనుమకొండ)

అందరికీ ధన్యవాదాలు. నాలుగు రోజులు పరుగు మానేసి, ల్యాబ్‌లోనే కూర్చొని నమూనా ఇచ్చి వచ్చాను. బ్లడ్ లేదు, ఆర్‌బీసీ 0–1, అల్బుమిన్ స్వల్పంగా ట్రేస్, నిష్పత్తి 14, క్రియాటినిన్ 1.1. రెండేళ్ళ కిందటి రిపోర్టు దొరికింది, అందులోనూ 1.1 ఉన్నది. బీమా వారికి రెండు రిపోర్టులూ జతచేసి, మొదటిది పరుగు మరునాటిదని లేఖ రాశాను.

కాజీపేట_జంక్షన్

సంతోషం తమ్ముడూ. డాక్టర్ గారూ, నా వయసు 58, బీడీ మానేసి చాలా ఏళ్ళయింది. ఉదయం నడక మాత్రమే చేస్తాను. ఒకసారి ఎర్రగా వచ్చి దానంతట అదే పోయింది. నడక వల్లే అనుకొని ఊరుకున్నాను. పరవాలేదు కదా?

నెఫ్రాన్_కరీంనగర్

పరవాలేదనడం కుదరదు. కంటికి కనిపించేంత ఎర్రగా, నొప్పి లేకుండా, 40 దాటినవారికి, అందులోనూ ఎప్పుడైనా పొగ తాగినవారికి వస్తే, అది ఒక్కసారే వచ్చి పోయినా మూత్రాశయ క్యాన్సర్ లేదని రూఢి చేసుకోవాలి. ఆ జబ్బులో రక్తం వచ్చి పోతూ ఉండటం మామూలే. నడక వంటి తేలికపాటి శ్రమకు కంటికి కనిపించే రక్తాన్ని ఆపాదించకూడదు. ఈ వారంలోనే యూరాలజిస్టును కలవండి. అల్ట్రాసౌండ్, అవసరమైతే సిస్టోస్కోపీ (మూత్రాశయంలోకి గొట్టంతో చూడటం) చేస్తారు. రాయి వల్ల కూడా రావచ్చు, అదైనా తెలుస్తుంది.

కోచ్_గోదావరిఖని

నాది చివరి ప్రశ్న. మెడికల్ టెస్టుకు ముందు పిల్లలు ఏం చేయాలి? కిందటిసారి ఇద్దరికి అల్బుమిన్ వచ్చిందని మళ్ళీ రమ్మన్నారు. తిండి వల్ల రంగు మారితే కూడా ఇబ్బందేనా?

నర్సంపేట_ల్యాబ్

కోచ్ సార్, మూడు రోజుల ముందు నుంచి పరుగు, జిమ్ రెండూ ఆపించండి. నడక చాలు. బీట్‌రూట్ తిన్నవారిలో కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది, టీబీ మందుల్లోని రిఫాంపిసిన్‌కు నారింజ రంగు, బీకాంప్లెక్స్‌కు గాఢమైన పసుపు వస్తాయి. వీటిలో ఏదీ స్ట్రిప్ మీద బ్లడ్ గడిని మార్చదు. పరీక్ష రోజు భయంతో బాటిళ్ళ కొద్దీ నీళ్ళు తాగి వస్తే నమూనా మరీ పలుచబడి, అల్బుమిన్ ఉన్నా కనిపించదు. స్పెసిఫిక్ గ్రావిటీ 1.002 చూసి మళ్ళీ ఇవ్వమంటారు. లేచినవెంటనే వచ్చే మూత్రంలో మొదటి కొంత వదిలేసి, మధ్య భాగం పట్టి ఇవ్వమని చెప్పండి.

నెఫ్రాన్_కరీంనగర్

కిందటిసారి అల్బుమిన్ వచ్చిన ఆ ఇద్దరికీ మూడు రోజుల విశ్రాంతి తరువాత కూడా అది వస్తే మాత్రం వదిలేయకండి. బీపీ చూపించి, పొద్దుటి మొదటి మూత్రంతో నిష్పత్తి చేయించండి. సన్నగా పొడుగ్గా ఉన్న పిల్లల్లో కొందరికి నిలబడి తిరిగినప్పుడు మాత్రమే ప్రొటీన్ పడి, పడుకొని లేచిన నమూనాలో అసలు ఉండదు. అది హాని లేనిది. పడుకొని లేచినదాంట్లో కూడా ఉంటే నా వంటివారి దగ్గరికి పంపించండి.